నగరం బాగు కోసం పెద్దలంతా ఒకచోట కూర్చుంటే ఏమవుతుంది? బెంగళూరు అనుభవంపై తరచుగా అడిగే ప్రశ్నలు

టాస్క్ ఫోర్స్, విజన్ గ్రూప్, సలహా మండలి. పేరేదైనా, రెండు మూడేళ్లకోసారి ఏదో ఒక నగరంలో ఇలాంటిది పుడుతూనే ఉంటుంది. ఒక పారిశ్రామికవేత్త, ఒక రిటైర్డ్ ఐఏఎస్, ఒక ఆర్కిటెక్ట్, ఒక స్వచ్ఛంద సంస్థ పెద్ద, మధ్యలో ముఖ్యమంత్రి. పేపర్లో వచ్చే ఫొటో కూడా దాదాపు అదే. వీటివల్ల నిజంగా ఏమైనా ఒరుగుతుందా అని అడిగేవాళ్లకు మన దేశంలో చూపించదగ్గ మంచి ఉదాహరణ బెంగళూరు. అక్కడ ఈ ప్రయత్నం గట్టిగానే జరిగింది, కొంత ఫలించింది, తర్వాత ఒక్క ఎన్నికతో ఆగిపోయింది. ఆ మూడూ ఎలా జరిగాయో చూస్తే హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్నవాళ్లకు కూడా పనికొస్తుంది.

బీఏటీఎఫ్ అంటే ఏమిటి?

బెంగళూరు అజెండా టాస్క్ ఫోర్స్. 1999 అక్టోబర్‌లో కర్ణాటక ముఖ్యమంత్రి అయిన ఎస్.ఎం.కృష్ణ, మరుసటి నెలలోనే దీన్ని ప్రభుత్వ ఉత్తర్వుతో ఏర్పాటు చేశారు. అప్పట్లో ఇన్ఫోసిస్ నడుపుతున్నవారిలో ఒకరైన నందన్ నీలేకని దీనికి అధ్యక్షుడు. ఊరిని నడిపే ఏడు సంస్థలతో కలిసి పనిచేయాలన్నది దీనికి అప్పగించిన బాధ్యత. నగరపాలిక, అభివృద్ధి సంస్థ బీడీఏ, జలమండలి, కరెంటు సంస్థ, సిటీ బస్సుల బీఎంటీసీ, టెలిఫోన్ శాఖ, సిటీ పోలీసు విభాగం ఆ ఏడు. 2004 దాకా నడిచింది.

ఆ ఏడు సంస్థలు తమలో తాము మాట్లాడుకుంటే సరిపోదా? మధ్యలో బయటివాళ్లెందుకు?

సరిపోవాలి. కానీ కొత్తగా తారు వేసిన రోడ్డును వారం తిరక్కుండా నీళ్ల పైపు కోసం తవ్వడం చూడని నగరవాసి ఎవరున్నారు? నగరపాలిక కమిషనర్, జలమండలి చైర్మన్, పోలీస్ కమిషనర్, వీళ్లంతా రాష్ట్ర ప్రభుత్వం నియమించినవాళ్లే. ఎవరి శాఖ వారిది, ఎవరి బడ్జెట్ వారిది, ఎవరి పైఅధికారి వారికి. వీళ్లందరి దారులూ కలిసేది ఒక్క ముఖ్యమంత్రి గదిలోనే. ఆయనకేమో రాష్ట్రమంతటి పని. ఈ ఖాళీని బీఏటీఎఫ్ కొంత పూడ్చింది. ఏడుగురు అధిపతులూ ఒకే గదిలో, ఒకరి ముందు ఒకరు మాట్లాడాల్సిన పరిస్థితి తెచ్చింది.

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని పైకి అంతగా చెప్పుకోలేదు. పోటీ. 1998 నవంబర్‌లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విజన్ 2020 పత్రం బయటపెట్టింది. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాద్ వచ్చారు, బెంగళూరు వెళ్లలేదు. సాఫ్ట్‌వేర్ మనదేనన్న ధీమాతో ఉన్న ఊరికి అది టెన్షన్ పెట్టే విషయమే. రోడ్లు, కరెంటు ఇలాగే ఉంటే కంపెనీలు పక్క రాష్ట్రానికి తరలిపోతాయన్న మాట అప్పట్లో బెంగళూరులో గట్టిగానే వినిపించేది.

అందులో ఎవరెవరున్నారు?

నీలేకనితో పాటు బయోకాన్ అధిపతి కిరణ్ మజుందార్ షా, పబ్లిక్ అఫైర్స్ సెంటర్ స్థాపించిన శామ్యూల్ పాల్, విద్యావేత్త హెచ్.నరసింహయ్య, బ్యాంకు ఉద్యోగం వదిలి నగరపాలన మీద పడ్డ రమేశ్ రామనాథన్, కన్సల్టెంట్ వి.రవిచందర్, కల్పనా కర్ వంటివాళ్లు. జాబితా చూస్తేనే ఒక సంగతి అర్థమవుతుంది. వ్యాపారం, చదువు, పౌరసంఘాలు ఉన్నాయి. బస్తీల నుంచి, కార్మిక సంఘాల నుంచి వచ్చినవాళ్లకు మాత్రం చోటు లేకపోయింది. ఈ లోటు తర్వాత పెద్ద విమర్శగా మారింది.

వాళ్ల చేతిలో అధికారం ఏమైనా ఉండేదా?

చట్టప్రకారం ఏమీ లేదు. ఒక్క ఫైలు మీద సంతకం పెట్టే హక్కు లేదు, ఒక్క అధికారిని బదిలీ చేయించే హక్కు లేదు. అయినా పనులు కదిలాయంటే దానికి పెద్ద కారణం ఆరు నెలలకోసారి జరిగిన బహిరంగ సదస్సు. దీన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత వచ్చిన కమిటీలు పేరును, ఫొటోను అనుకరించాయి గానీ దీన్ని వదిలేశాయి.

మొదటి సదస్సు 2000 జనవరిలో జరిగింది. ఒక్కో సంస్థ అధిపతి వేదిక ఎక్కి, వచ్చే ఆరు నెలల్లో మేం ఈ పనులు చేస్తామని చెప్పాలి. ఆరు నెలల తర్వాత అదే అధిపతి అదే వేదిక ఎక్కి, ఏవి అయ్యాయి, ఏవి కాలేదు అని చెప్పాలి. ముందు వరుసలో ముఖ్యమంత్రి, వెనక నగర ప్రజలు, పక్కన విలేకర్లు. లక్ష్యాన్ని ఎవరో పైనుంచి రుద్దలేదు, తాను చెప్పినదే. తాను చెప్పి తానే చేయలేదని అందరి ముందు ఒప్పుకోవడం ఏ ఐఏఎస్‌కైనా ఇబ్బందే. పైగా పక్క సంస్థ అధిపతి తన పట్టిక నిండా టిక్కులు పెట్టుకుని వస్తే ఆ ఇబ్బంది రెట్టింపు అవుతుంది.

శామ్యూల్ పాల్ సంస్థ అంతకు ముందే ఇంకో పని మొదలుపెట్టింది. ప్రభుత్వ సేవలు ఎలా ఉన్నాయని జనాన్నే అడిగి, బడి పిల్లలకు ఇచ్చినట్టు సంస్థలకు ప్రోగ్రెస్ కార్డు ఇవ్వడం. 1994లో వచ్చిన మొదటి కార్డులో తృప్తిగా ఉన్నామన్నవాళ్లు చాలా సంస్థలకు వందకు పదిమంది లోపే. 1999లో మరోసారి, 2003లో ఇంకోసారి చేశారు. 2003కి వచ్చేసరికి పరిస్థితి తిరగబడి, తృప్తిగా ఉన్నవాళ్లే ఎక్కువమంది అయ్యారు. ఆ మార్పంతా బీఏటీఎఫ్ పుణ్యమే అనడం అతి అవుతుంది. ఆ కాలంలో టెలిఫోన్లు దేశమంతటా బాగుపడ్డాయి, కంప్యూటర్లు అన్ని ఆఫీసులకూ వచ్చాయి. కానీ సదస్సులో సంస్థ చెప్పుకున్నది ఒకవైపు, జనం చెప్పినది ఇంకోవైపు పక్కపక్కనే పెట్టి చూసే అవకాశం ఆ ఊరికి దొరికింది. మన ఊళ్లలో మొదటిది మాత్రమే ఉంటుంది, అది కూడా ఫ్లెక్సీల మీద.

సరే, చేతికందిన ఫలితాలు ఏమిటి?

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఆస్తిపన్ను. అంతకు ముందు ఇంటికి పన్ను ఎంతో తేల్చేది పాలిక సిబ్బంది. ఈ ఇల్లు అద్దెకిస్తే ఎంత వస్తుందో ఒక అంచనా వేసి, దానిమీద పన్ను కట్టేవాళ్లు. ఆ అంచనా పెరగాలన్నా తగ్గాలన్నా చేయి తడపాల్సిందే, ఇది ఏ ఊళ్లోనైనా తెలిసిన కథే. 2000లో బెంగళూరు స్వయంగా లెక్కకట్టే పద్ధతి తెచ్చింది. నగరాన్ని భూమి విలువను బట్టి జోన్లుగా విడదీసి, కట్టడం రకాన్ని బట్టి చదరపు అడుగుకు ఇంత అని ముందే ప్రకటించారు. యజమాని తన ఇంటి కొలతలు తానే వేసుకుని, లెక్క తానే కట్టి, డబ్బు చెల్లిస్తాడు. చాలామంది భయపడ్డట్టు జనం ఎగ్గొట్టలేదు. వసూళ్లు మొదటి ఏడాదే బాగా పెరిగాయి. పద్ధతి అర్థమైతే, మధ్యలో లంచం లేకపోతే, కట్టేవాళ్లు కడతారని తేలింది.

రెండోది బయటికి కనిపించనిది, నా దృష్టిలో ఇంకా పెద్దది. నగరపాలిక లెక్కలు. ఏ పద్దు కింద ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఇంకా ఎవరికి ఎంత బాకీ అన్నది కమిషనర్‌కే సరిగ్గా తెలియని స్థితి నుంచి, ప్రతి లావాదేవీనీ రెండు వైపులా రాసే జంటపద్దు విధానంలోకి, కంప్యూటర్‌లోకి లెక్కలు మారాయి. దాని వెనక రమేశ్ రామనాథన్ బృందం నెలల తరబడి పాలిక గుమాస్తాల పక్కన కూర్చుని పనిచేసింది. లెక్కలు తేలాక వాటిని జనం ముందు పెట్టమని అడగడం తేలికైంది. 2002లో జనాగ్రహ, అక్షర ఫౌండేషన్, పబ్లిక్ అఫైర్స్ సెంటర్, వాయిసెస్ అనే స్వచ్ఛంద సంస్థలు కలిసి ప్రూఫ్ అనే ఉద్యమం నడిపి, మూడు నెలలకోసారి పాలిక తన ఆదాయ వ్యయాలు బయటపెట్టేలా చేశాయి. ఇంటి పక్క నాలా బాగుచేయించమని అడిగేవాడికి, డబ్బు లేదన్న జవాబు నిజమో కాదో తెలుసుకునే దారి దొరికింది.

మిగిలినవి కాస్త తొందరగా చెప్పేస్తాను. ఇంటింటికీ వెళ్లి చెత్త సేకరించే పద్ధతి మొదలైంది, దానికి కాలనీల్లో శుచి మిత్ర పేరుతో వలంటీర్లు కలిశారు. ఇన్ఫోసిస్ ఫౌండేషన్ డబ్బుతో నిర్మల బెంగళూరు టాయిలెట్లు కట్టారు. జయకర్ జెరోమ్ కమిషనర్‌గా ఉన్న కాలంలో బీడీఏ ఆక్రమణల నుంచి భూములు వెనక్కి తీసుకుని, సైట్లు పంచి, ఫ్లైఓవర్లు కట్టింది.

దీనంతటికీ డబ్బు ఎవరిచ్చారు?

పనులకు ఎక్కువగా ఆయా సంస్థల సొంత డబ్బే. టాస్క్ ఫోర్స్ ఆఫీసుకు, సర్వేలకు, కన్సల్టెంట్లకు అయిన ఖర్చు చాలావరకు నీలేకని దంపతులు సొంతంగా భరించారు. గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఏమిటంటే, లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలన్న నిబంధన 2013 కంపెనీల చట్టంతో గానీ రాలేదు. అంటే అప్పట్లో ఇచ్చినవాళ్లు చట్టం బలవంతం మీద ఇవ్వలేదు. ఇప్పుడు పెట్టే కమిటీల్లో ఆ నిధుల లెక్క కూడా కలిసి ఉంటుంది. కాబట్టి డబ్బిచ్చే కంపెనీకి ఆ ఊళ్లో ఏ పనులు పెండింగ్‌లో ఉన్నాయో అడగడం తప్పేమీ కాదు.

మరి మేయర్, కార్పొరేటర్లు ఎక్కడ?

ఇదే అసలు ప్రశ్న. ఆనాటి బెంగళూరు పాలికలో 100 వార్డులు, 100 మంది ఎన్నికైన కార్పొరేటర్లు ఉన్నారు. మేయర్ పదవీకాలం ఏడాదే. టాస్క్ ఫోర్స్ నేరుగా కమిషనర్‌తో, ఆయన ద్వారా ముఖ్యమంత్రితో పనిచేసింది. మమ్మల్ని దాటేసి వెళ్తున్నారని కార్పొరేటర్లు మొదటి నుంచీ గొణిగారు.

టాస్క్ ఫోర్స్ పక్షాన ఒక వాదన ఉంది. కార్పొరేటర్లలో చాలామందికి కాంట్రాక్టులే లోకం, వాళ్లను కూర్చోబెడితే ఒక్క పనీ సాగదు అని. అందులో నిజం లేదనడం కష్టం. కానీ ఇంకో నిజమూ ఉంది. రాత్రి పది గంటలకు డ్రైనేజీ పొంగితే బస్తీవాళ్లు తలుపు తట్టేది కార్పొరేటర్ ఇంటిదే. ఏ టాస్క్ ఫోర్స్ సభ్యుడి ఇంటి ముందూ ఎవరూ బిందెలతో ధర్నా చేయరు. ఓటు అడిగి గెలిచినవాడు చెడ్డవాడైనా ఐదేళ్లకు దించవచ్చు. ఉత్తర్వుతో వచ్చిన మంచివాణ్ని దించే దారి మామూలు జనానికి లేదు.

నా అభిప్రాయం అడిగితే, కార్పొరేటర్లను పక్కన పెట్టడం వల్ల పనులు తొందరగా జరిగాయి, అందుకే అవి నిలబడలేదు కూడా. బీఏటీఎఫ్ ఆగిపోయినప్పుడు పాలికలో ఇది మాదే అని పట్టుకోవడానికి ఒక్క కార్పొరేటరూ ముందుకు రాలేదు. వాళ్లకు అందులో భాగం ఎప్పుడూ ఇవ్వలేదు కదా.

పేదలకు దీనివల్ల ఏం దక్కింది?

కొంత దక్కింది. టాయిలెట్లు, చెత్త సేకరణ, బస్సులు పేదలకూ పనికొచ్చేవే. కానీ ఎజెండా తయారుచేసినవాళ్లు రోజూ ఎదుర్కొనే ఇబ్బందులే ఎజెండాలో ముందుకొచ్చాయి. రోడ్లు, ఫ్లైఓవర్లు, ఆస్తిపన్ను. సొంత ఆస్తే లేనివాడికి ఆస్తిపన్ను సంస్కరణ ఏమిటి? బస్తీలకు పట్టాలు, నీళ్ల కనెక్షన్లు, ఫుట్‌పాత్ మీద వ్యాపారాలు వంటివి వెనకబడ్డాయి. ఎవరో కుట్ర చేశారని నేననను. బల్ల చుట్టూ ఎవరు కూర్చుంటే వాళ్ల గుంతలే ముందు పూడతాయి, అంతే.

2004లో ఎందుకు ఆగిపోయింది?

ముఖ్యమంత్రి మారారు కాబట్టి. కరువు కాలంలో రాజధాని మీదే ధ్యాస పెట్టారన్న పేరు కృష్ణ ప్రభుత్వానికి పల్లెల్లో వచ్చింది. 2004 ఎన్నికల్లో ఆయన పార్టీ మెజారిటీ కోల్పోయింది, తర్వాత వచ్చిన సంకీర్ణానికి మరో ముఖ్యమంత్రి. కొత్త ప్రభుత్వం బీఏటీఎఫ్‌ను కొనసాగించలేదు. ఆ తర్వాత వాతావరణం ఎంత మారిందంటే, 2005 అక్టోబర్‌లో మాజీ ప్రధాని దేవెగౌడ చేసిన విమర్శల తర్వాత ఇన్ఫోసిస్ నారాయణమూర్తి బెంగళూరు విమానాశ్రయ సంస్థ చైర్మన్ పదవికి రాజీనామా చేశారు. పల్లె, పట్నం అన్న గీత కర్ణాటక రాజకీయాల్లో అప్పుడు బాగా లోతుగా పడింది.

చట్టంతో పుట్టి ఉంటే రద్దు చేయడానికి శాసనసభలో చర్చైనా జరిగేది. ఉత్తర్వుతో పుట్టినదాన్ని రద్దు చేయడానికి ఇంకో ఉత్తర్వు కూడా అక్కర్లేదు, పట్టించుకోకపోతే చాలు.

తర్వాత మళ్లీ ఎవరూ ప్రయత్నించలేదా?

చాలామందే. 2008లో యడియూరప్ప ప్రభుత్వం అబైడ్ అనే టాస్క్ ఫోర్స్ పెట్టింది, దాని కన్వీనర్ రాజీవ్ చంద్రశేఖర్. 2020 నాటికి నగరం ఎలా ఉండాలో ప్రణాళిక రాసింది. 2016లో సిద్ధరామయ్య ప్రభుత్వం విజన్ గ్రూప్ వేసింది. అదే ఏడాది అక్టోబర్‌లో, ఎవరూ అడగని స్టీల్ ఫ్లైఓవర్ వద్దంటూ వేలమంది నగరవాసులు మానవహారంగా నిలబడ్డారు. 2017 మార్చిలో ప్రభుత్వం ఆ ప్రాజెక్టును వదులుకుంది. గదిలో విజన్ గ్రూప్ ఉండగానే రోడ్డు మీదికి రావాల్సి వచ్చిందంటే, ఆ గదికి ఎంత పలుకుబడి ఉందో ఊహించుకోవచ్చు.

వీటన్నిటి మధ్య పెద్దగా ఫొటోలు రాని కమిటీ ఒకటి ఉంది. మాజీ ప్రధాన కార్యదర్శి బి.ఎస్.పాటిల్ అధ్యక్షతన, నగరపాలిక మాజీ కమిషనర్ సిద్దయ్య, బీఏటీఎఫ్‌లో పనిచేసిన రవిచందర్ సభ్యులుగా, నగరపాలికను ఎలా పునర్వ్యవస్థీకరించాలో చెప్పమని వేసినది. పాలికను ముక్కలు చేసి, పైన అన్నిటినీ కలిపే ఒక సంస్థ పెట్టమని ఆ కమిటీ చెప్పింది. ఏళ్ల తరబడి ఆ నివేదిక అల్మారాలోనే ఉంది. చివరికి గ్రేటర్ బెంగళూరు పాలన చట్టం 2024 వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో బెంగళూరు మహానగర పాలిక అయిన బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు ఏర్పడ్డాయి, పైన ముఖ్యమంత్రి అధ్యక్షతన గ్రేటర్ బెంగళూరు అథారిటీ. బీఏటీఎఫ్ కాలం నాటి మనిషి మాట పాతికేళ్లకు చట్టంలోకి చేరినట్టు. అయితే అధ్యక్ష స్థానం మళ్లీ ముఖ్యమంత్రిదే అయింది, మేయర్‌ది కాలేదు. మరి 2020 సెప్టెంబర్‌లో కాలం తీరిన బీబీఎంపీ పాలకమండలికి, పాలిక రద్దయ్యేదాకా ఎన్నికలే జరగలేదన్న సంగతి ఎక్కడా మర్చిపోకూడదు.

ఇంత మంచి ఉద్దేశాలున్నవాళ్లు నేరుగా ఎన్నికల్లో నిలబడొచ్చు కదా?

నిలబడ్డారు. 2014 లోక్‌సభ ఎన్నికల్లో నీలేకని బెంగళూరు దక్షిణ స్థానంలో కాంగ్రెస్ తరఫున పోటీ చేసి, అనంత్ కుమార్ చేతిలో రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. అబైడ్‌లో పనిచేసిన అశ్విన్ మహేశ్ 2013లో బొమ్మనహళ్లి నుంచి లోక్‌సత్తా అభ్యర్థిగా నిలబడి ఓడిపోయారు. అవును, మన జయప్రకాశ్ నారాయణ్ గారి లోక్‌సత్తానే. రోడ్లు వేయించిన పేరు ఉన్నంత మాత్రాన ఓట్లు రాలవు, దానికి వేరే కష్టం ఉంది. ఆ కష్టం తెలిసిన కార్పొరేటర్‌ను చిన్నచూపు చూడకూడదనడానికి కూడా ఇదొక కారణం.

ఈ పద్ధతి బెంగళూరు కనిపెట్టిందా?

లేదు. అమెరికాలో పిట్స్‌బర్గ్ కథ ఇంకా పాతది. ఉక్కు ఫ్యాక్టరీల పొగ కమ్మి పట్టపగలే వీధి దీపాలు వెలిగించుకునే ఊరు అది. 1940ల్లో అలెఘెనీ కాన్ఫరెన్స్ పేరుతో వ్యాపారులు ఒకటయ్యారు. దాని వెనక రిపబ్లికన్ పార్టీకి చెందిన బ్యాంకర్ రిచర్డ్ కింగ్ మెలన్, ఎదుట డెమోక్రాట్ మేయర్ డేవిడ్ లారెన్స్. రాజకీయంగా పడనివాళ్లు ఊరి కోసం చేతులు కలిపారు, పొగ తగ్గింది, నది ఒడ్డు బాగుపడింది. బెంగళూరుకీ దీనికీ పెద్ద తేడా లారెన్సే. అక్కడ వ్యాపారులకు ఎదురుగా కూర్చున్నది ఎన్నికైన మేయర్.

అంతా మంచే అనుకోకండి. అదే పునర్నిర్మాణంలో లోయర్ హిల్ అనే పేట మొత్తాన్ని కూల్చేశారు. ఎనిమిది వేల మంది, అందులో ఎక్కువమంది నల్లజాతివాళ్లు, ఇళ్లు ఖాళీ చేశారు. అక్కడ ఒక పెద్ద స్టేడియం కట్టారు. కొన్ని దశాబ్దాలకు ఆ స్టేడియాన్నీ పడగొట్టారు.

ముంబైలో బాంబే ఫస్ట్ అనే వ్యాపారుల సంస్థ 2003లో మెకిన్సే అనే కన్సల్టెన్సీ కంపెనీతో కలిసి విజన్ ముంబై నివేదిక ఇచ్చింది. షాంఘైలాంటి ఊరు చేస్తామన్న మాటలు ఆ రోజుల్లోవే. ఏడాది తిరిగేసరికి 2004-05 చలికాలంలో వేలకొద్దీ గుడిసెలు బుల్డోజర్ల కింద పోయాయి.

మన తెలుగు నగరాల్లో ఇలాంటిది ఉందా?

సరిగ్గా ఇలాంటిది లేదు, ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. సైబరాబాద్ పోలీసులు, ఐటీ కంపెనీలు కలిసి నడిపే సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ ఉంది. ఐటీ కారిడార్‌లో మహిళల కోసం షీ షటిల్ బస్సులు దాని ద్వారానే వచ్చాయి. పని చిన్నది, స్పష్టమైనది, ఎవరు చేశారో తెలిసేది. అందుకే నడుస్తోంది. ఇంకోవైపు, డబ్బూ పదవీ లేకుండా 1990ల నుంచి హైదరాబాద్ రాతిగుట్టల కోసం పోరాడిన సొసైటీ టు సేవ్ రాక్స్ ఉంది. కొన్ని గుట్టలైనా హెరిటేజ్ జాబితాలోకి ఎక్కాయంటే ఆ పోరాటం వల్లే.

విశాఖ సంగతి వేరు. 2012 నుంచి 2021 దాకా అక్కడ ఎన్నికైన పాలకమండలే లేదు. స్మార్ట్ సిటీ ప్రణాళికలు, హుద్‌హుద్ తుఫాను తర్వాతి పునర్నిర్మాణం, అన్నీ ఆ మధ్యలోనే. పారిశ్రామికవేత్తలు, అధికారులు, నిపుణులు మాట్లాడుకున్నారు, కార్పొరేటర్ కుర్చీ ఖాళీగా ఉంది.

ప్రభుత్వం మారితే ఏమవుతుందో చూడాలంటే అమరావతి చాలు. 1,691 ఎకరాల స్టార్టప్ ఏరియా కోసం 2017లో సింగపూర్ కంపెనీల కన్సార్షియాన్ని ఎంపిక చేశారు. 2019లో ప్రభుత్వం మారింది, నవంబర్‌లో ఆ ఒప్పందం రద్దయింది. కన్సార్షియం వెనక్కి వెళ్లిపోయింది. భూములిచ్చిన రైతులకు వెళ్లడానికి వేరే చోటు లేదు, వాళ్లు రోడ్డు మీద దీక్షలకు కూర్చున్నారు.

ఇలా అందరూ కలిసి కూర్చోవడానికి రాజ్యాంగంలో చోటు లేదా?

ఉంది. చాలామందికి తెలియదు. 74వ సవరణ ద్వారా వచ్చిన 243జెడ్ఈ అధికరణం ప్రకారం పది లక్షల జనాభా దాటిన ప్రతి మహానగర ప్రాంతానికీ మెట్రోపాలిటన్ ప్రణాళిక కమిటీ ఉండాలి. అందులో కనీసం మూడింట రెండు వంతుల మంది ఆ ప్రాంత మున్సిపాలిటీల ఎన్నికైన సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలోంచే ఎన్నుకున్నవాళ్లు అయి ఉండాలి. మిగతా చోట్ల నిపుణులకు, సంస్థల ప్రతినిధులకు అవకాశం ఉంది. అంటే పారిశ్రామికవేత్త, ఆర్కిటెక్ట్, కార్పొరేటర్, సర్పంచ్ ఒకే బల్ల దగ్గర కూర్చునే ఏర్పాటు 1993లోనే అమల్లోకి వచ్చింది. ఆ బల్ల వేయాల్సిన ప్రభుత్వాలు ఆ పని సరిగ్గా చేయకుండా, ముఖ్యమంత్రే అధ్యక్షుడిగా ఉండే అభివృద్ధి సంస్థలతో నెట్టుకొస్తున్నాయి. హెచ్ఎండీఏ అలాంటిదే.

నన్ను ఇలాంటి కమిటీలోకి పిలిచారు. వెళ్లమంటారా?

వెళ్లండి. కానీ మొదటి మీటింగ్‌లోనే మూడు విషయాలు అడగండి. మినిట్స్, అంటే సమావేశంలో ఏం మాట్లాడారో ఏం తేల్చారో రాసిన కాగితాలు, ఎక్కడ పెడతారు? ఆరు నెలలకు జనం ముందు లెక్క చెప్పే ఏర్పాటు ఉందా? మేయర్ ఎక్కడ కూర్చుంటారు? వీటికి సమాధానాలు రాకపోతే మీరు వచ్చింది ఫొటో కోసమేనని అర్థం. అప్పుడు కూడా వెళ్లాలో వద్దో మీ ఇష్టం, మీ పేరు మీది. ఇంకొకటి. మీ కంపెనీకో సంస్థకో ఆ ఊళ్లో భూమి, టెండర్, అనుమతి లాంటి వ్యవహారం ఏదైనా ఉంటే ముందే చెప్పేయండి. తర్వాత బయటపడితే మీతో పాటు మంచి పని కూడా మట్టికొట్టుకుపోతుంది.

నేను మామూలు నివాసిని. మా ఊళ్లో కమిటీ వేశారు, లోపల ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది?

సమాచార హక్కు చట్టం 2005లో సెక్షన్ 4(1)(బి)లో ఎనిమిదో అంశం చదవండి. ఏ ప్రభుత్వ సంస్థైనా సలహా కోసం ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మందితో వేసుకున్న బోర్డులు, కమిటీల వివరాలను ఎవరూ అడగకుండానే ప్రచురించాలి. వాటి సమావేశాలకు జనం వెళ్లవచ్చా, మినిట్స్ జనానికి దొరుకుతాయా అన్నది కూడా అందులో చెప్పాలి. బీఏటీఎఫ్ కాలంలో ఈ చట్టం లేదు, ఇప్పుడు ఉంది.

ప్రచురించకపోతే దరఖాస్తు పెట్టండి. కమిటీ వేసిన శాఖ ప్రజా సమాచార అధికారి పేరిట, మామూలుగా పది రూపాయల ఫీజుతో. కమిటీ ఎలా పనిచేస్తోంది అని అడగొద్దు, దానికి జవాబు రాదు. ఏర్పాటు చేసిన ఉత్తర్వు కాపీ, సభ్యుల జాబితా, ఇప్పటిదాకా జరిగిన సమావేశాల తేదీలు, మినిట్స్ కాపీలు, కమిటీ మీద అయిన ఖర్చు, ఆ ఖర్చు ఏ పద్దులోంచి వచ్చింది అని విడివిడిగా అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. రాకపోతే మొదటి అప్పీలు అదే శాఖలో పైఅధికారికి వెళ్తుంది, దానికీ 30 రోజుల గడువు ఉంటుంది. జవాబు వచ్చాక ఒక కాపీ మీ వార్డు కార్పొరేటర్‌కు ఇవ్వండి. ఆ కమిటీ ఉన్నట్టు ఆయనకు కూడా అప్పుడే తెలియవచ్చు.